అక్షరమా, మాటా? తొలి చదువు మీద రెండు వందల ఏళ్ల వాదన

చిన్నపిల్లకు చదవడం, రాయడం ఎలా మొదలుపెట్టాలన్న ప్రశ్నకు హార్స్‌లీ హిల్స్ చుట్టుపక్కలే కనీసం మూడు జవాబులు దొరుకుతాయి. మదనపల్లె వీధుల్లోని ఎల్‌కేజీలో నాలుగేళ్ల పిల్ల నాలుగు గీతల కాపీలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతుంది. అదే వయసు పిల్ల అంగన్‌వాడీలో పాటలు పాడి, బొమ్మలు చూసి, బువ్వ తిని ఇంటికి వస్తుంది. కొండ దిగువన రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం నడిపే పల్లె బడుల్లో ఒకటో తరగతి పిల్ల గోడ మీది నిచ్చెన పటంలో తన మెట్టు వెతుక్కుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని చాప మీద కూర్చుంటుంది. తక్కిన రెండు పద్ధతుల వల్ల పిల్లల కాలం వృథా అవుతోందని ప్రతి పక్షమూ నమ్ముతుంది.

ఈ వాదన ఇవాళ్టిది కాదు. చిన్న తరగతుల చదువు మీద కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్, పూర్వ ప్రాథమిక తరగతులు, ఇంగ్లీషు మీడియం, పల్లె పిల్లలు ఎంత చదవగలరో కొలిచే అసర్ నివేదికలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడటంతో, ఎవరు దేని గురించి వాదిస్తున్నారో తెలియనంతగా అది చిక్కుబడింది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ భాషలో మొదలుపెట్టాలి అన్నవి మూడు వేరు ప్రశ్నలు. ఒకదానికి అడిగితే మరొకదానికి జవాబు చెప్పడం మనకు అలవాటైంది.

ఇసుకలో ఓనమాలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక మన తొలి చదువు గురించి దొరికే వివరమైన పత్రాల్లో ఒకటి. తెలుగు, కన్నడం కలిసి నడిచే ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని అతను లెక్క చెప్పాడు. ఐదో ఏట పిల్లవాడి ఇంటికి అయ్యవారు, బడిపిల్లలు వచ్చి వినాయకుడి ముందు కూర్చోవడం, పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించడం అందులో కనిపిస్తాయి. ఆ తర్వాత బడిలో ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దించేవారు.

నేటి వాదనకు పనికొచ్చే రెండు సంగతులు క్యాంప్‌బెల్ గమనించాడు. ఒకటి, మన బడిలో రాతే ముందు. పిల్లవాడు అక్షరాన్ని రాస్తూ నేర్చుకుంటాడు, యూరపు పిల్లల్లా ముందు వల్లించి తర్వాత రాయడు. ఈ తీరు అతనికి నచ్చింది. రెండోది అతనికి నచ్చలేదు. పిల్లలు వల్లించే పద్యాల భాష వాళ్లు మాట్లాడే భాష కాదు, అర్థం తెలియకుండానే ఏళ్ల తరబడి అప్పజెబుతున్నారని ఫిర్యాదు చేశాడు.

ఇసుక రాత సముద్రం కూడా దాటింది. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, దాన్నీ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతినీ తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి పేరుతో చలామణి అయింది. ఆ తర్వాత వందేళ్లకు ఇంగ్లీషువాళ్ల ట్రైనింగు కాలేజీల నుంచి పాఠం చెప్పే కొత్త పద్ధతులు మనకు దిగుమతి అయ్యాయి. వాటిలో మన ఇసుక పళ్లేనికి చోటు దొరకలేదు. 1939లో ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి అడయారుకు వచ్చి, గరుకు కాగితపు అక్షరాల మీద వేలు పోనిస్తూ చదువు కంటే రాతను ముందు నేర్పవచ్చని చెప్పినప్పుడు అది మహా కొత్తగా వినిపించింది.

క్యాంప్‌బెల్ చేసిన రెండో ఫిర్యాదు గిడుగు రామమూర్తి చేతికి వచ్చేసరికి ఉద్యమమైంది. 20వ శతాబ్దం తొలి పదేళ్లలో ఆయన లేవదీసిన వ్యావహారిక భాషావాదాన్ని సాహిత్య చరిత్రలో చెప్పుకుంటాం గాని, అది పుట్టింది బడిపిల్లల కష్టంలోంచి. పిల్లవాడి నోట్లో ఉన్న తెలుగుకూ వాచకంలో ఉన్న తెలుగుకూ మధ్య అగాధం ఉంటే చదువు ఎలా వస్తుందన్నదే ఆయన మొదటి ప్రశ్న.

మూడు పక్షాలు

మొదటిది అక్షర పక్షం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, ఆ తర్వాతే మాటలు, వాక్యాలు. పెద్దబాలశిక్ష నుంచి నేటి పల్లె ట్యూషను దాకా ఈ వరస చెక్కుచెదరలేదు. దీని బలం తేటతెల్లం. ఇంట్లో ఎవరైనా నేర్పగలరు, పిల్ల ఎంతవరకు వచ్చిందో ఎవరికైనా తెలుస్తుంది. బలహీనతా అంతే తేటతెల్లం. నెలల తరబడి పిల్ల చదివేదానికి అర్థం ఉండదు.

రెండోది మాట పక్షం, దాని పెద్దన్న కథ పక్షం. పిల్లకు తెలిసిన మాట, పాట, కథ ముందు పెట్టి, అందులోంచి అక్షరాన్ని విడదీయాలంటుంది. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి 1932లో రాసిన దివాస్వప్నలో బడి కథతో మొదలవుతుంది. 1986లో వచ్చిన విద్యావేత్త కృష్ణకుమార్ పుస్తకం పిల్లల మాటనే చదువుకు పునాదిగా చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ సాయంతో 1980ల్లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, అంటే పాత ఉపాధ్యాయులు ఆపెప్ అని పిలిచేది, ఆరు సూత్రాలతో కృత్యాధార బోధనను తరగతి గదుల్లోకి తెచ్చింది. ఆ తర్వాత ఒకటో తరగతి వాచకాలు కూడా అఆల వరసను వదిలి బొమ్మ, మాట, అందులో అక్షరం అనే క్రమానికి మళ్లాయి. ఈ పక్షంలోని లోపం అమలులో బయటపడుతుంది. బొమ్మ చూసి మాట చెప్పే పిల్లను చదివే పిల్లగా పొరబడటం తేలిక. బొమ్మ మీద చేయి అడ్డం పెడితే చదువు ఆగిపోతుంది.

మూడోది సమతుల పక్షం. రోజులో కొంతసేపు అక్షరాలు, ధ్వనులు పద్ధతిగా నేర్పాలి, అదే రోజు పెద్దవాళ్లు కథ చదివి వినిపించాలి, పిల్ల తనకు తోచింది గీయాలి, రాయాలి. నేటి పరిశోధకుల్లో ఎక్కువమంది ఇటే ఉన్నారు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఇటే మొగ్గింది. చెప్పడానికి బాగుంటుంది గాని, ఒకే టీచరు ఉన్న బడిలో ఇన్ని పనులకు వేళ ఎక్కడిదన్న ప్రశ్నకు చట్రంలో సూటైన జవాబు లేదు.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది. అక్షర పక్షం టీచరు మీద తక్కువ బరువు వేసి పిల్ల ఓపిక మీద ఎక్కువ బరువు వేస్తుంది. మాట పక్షం పిల్ల ఉత్సాహాన్ని నమ్మి, టీచరు నేర్పును ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటుంది. సమతుల పక్షం నెగ్గాలంటే వేళ, పుస్తకాలు, శిక్షణ అన్నీ కావాలి.

అరువు తెచ్చుకున్న కొట్లాట

ఈ వాదనలో సగం భాష అమెరికా నుంచి వచ్చింది. 1967లో జీన్ చాల్ అక్షర ధ్వనుల బోధన వైపు తీర్పు చెప్పింది. అదే ఏడు కెన్నెత్ గుడ్‌మన్ చదవడమంటే అర్థాన్ని ఊహించుకుంటూ పోవడమన్నాడు. 2000లో అక్కడి జాతీయ పఠన మండలి ధ్వనుల వైపు తూకం వేసింది. కానీ ఆ పోరు పుట్టింది ఇంగ్లీషు స్పెల్లింగు అరాచకంలోంచి. ఒకే అక్షరం నాలుగు తీర్ల పలికే లిపిలో ధ్వనుల సూత్రం ఎంతవరకు నమ్మాలన్నది నిజమైన సందేహం. తెలుగుకు ఆ జబ్బు లేదు. రాసినట్టే దాదాపు పలుకుతాం.

తెలుగుకు ఉన్న మెలిక వేరు. మన అక్షరం ఒక్క ధ్వని కాదు, ఒక పలుకు. కి అన్న దాంట్లో క్, ఇ రెండూ ఉన్నాయి గాని చెవికి ఒక్కటే వినిపిస్తుంది. అచ్చులు, హల్లులు కలిపి యాభై పైచిలుకు గుర్తులతో పని అయిపోదు. ఒక్కో హల్లుకూ గుణింతం కట్టేసరికి రూపాలు నాలుగు వందలు దాటుతాయి. గుణింతపు గుర్తులూ అంతటా ఒకే తీరున అతకవు. పు, వు ల దగ్గర కొమ్ము వేరే తీరున కిందికి దిగుతుంది. మొ, యొ ల దగ్గర ఒత్వం రూపమే మార్చుకుంటుంది. వత్తుల దగ్గరకొస్తే త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. క్ర రాసేటప్పుడు రావత్తు అక్షరాన్ని చుట్టుకుని ఉంటుంది గాని పలకడం ఆఖరున.

పొరుగు లిపి కన్నడం మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ అక్కరకొస్తుంది. ఇంగ్లీషు పిల్ల అక్షరమాలను ఏడాదిలోపు ముగిస్తే, కన్నడ పిల్ల అక్షరాల రూపాలన్నీ పట్టుకోవడం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని ఆమె చూపింది. పలుకులను విడదీసే నేర్పు ముందు వస్తుంది, పలుకు లోపలి ధ్వనులను విడదీసే నేర్పు చాలా నెమ్మదిగా వస్తుంది. తెలుగు లిపికీ ఇదే వర్తిస్తుందనుకోవడానికి లిపి నిర్మాణమే ఆధారం. ఆ మాటకొస్తే, పాత బడిలో కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి అని గొంతెత్తి వల్లించడం ఉత్త బట్టీ కాదు. పలుకును విప్పి చూపించే పాఠమది. దాన్ని బట్టీ అని కొట్టిపారేసిన సంస్కర్తలు తొందరపడ్డారనే చెప్పాలి.

అయితే అక్షర పక్షం కూడా ఒక లెక్కకు జవాబు చెప్పుకోవాలి. పిల్ల ఇంట్లో రోజూ వినే మాటలు చూడండి. అమ్మ, అవ్వ, అక్క, అన్న, అత్త, తమ్ముడు, చెల్లెలు, బువ్వ, కుక్క, పిల్లి, చెట్టు, బొమ్మ, రొట్టె. అన్నింట్లోనూ వత్తులే. మన చుట్టరికాలు, తిండి, ఇల్లు, పెరడు దాదాపు అన్నీ వత్తులతో నిండి ఉన్నాయి. బడి వరసలో వత్తులు చిట్టచివరివి. అ అంటే అమ్మ అని మొదటి పుటలో బొమ్మ వేసిన పుస్తకమే, ఆ అమ్మను చదవడానికి కావలసిన మావత్తును నెలల తర్వాత గాని నేర్పదు. ఈలోగా పిల్ల చదవగలిగేవి వల, గద, జడ, నగ, పలక. పదజాలానికి ఒకటీ అరా పనికొస్తాయేమో గాని ఐదేళ్ల పిల్ల వీటితో ఏ ముచ్చటా చెప్పలేదు. అదే సమయంలో ఋ, ఙ, ఞ లకు అచ్చంగా క, మ లకు ఇచ్చినంత మర్యాద దక్కుతుంది.

అందువల్ల తెలుగులో అసలు తగాదా అక్షరమా మాటా అన్నది కాదనిపిస్తుంది. ఏ అక్షరం తర్వాత ఏది, అర్థమున్న మాట చదవడానికి పిల్ల ఎన్నాళ్లు ఆగాలి అన్నదే తగాదా కావాలి. వ నేర్పాక దాని పక్కనే మ, ప పక్కనే ష, స అంటూ రూపం పోలికతో వరస కట్టడం ఒక దారి. ఎక్కువగా వాడే అక్షరాలు ముందు నేర్పడం మరో దారి. ఐదారు వత్తులను, మ్మ, న్న, క్క, ల్ల, ట్ట, వ్వ వంటివాటిని, గుణింతాలు పూర్తికాకముందే తేవడం ఇంకో దారి. మొదటి రెండింటి మీద ఎంతోకొంత పని జరిగింది. మూడోదాని మీద మాట్లాడినవాళ్లు తక్కువ.

నిచ్చెన మెట్లు

ఈ క్రమం ప్రశ్నను చేతలతో ఎదుర్కొన్న చోటు రిషివ్యాలీ. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ ఆవాస పాఠశాల పేరు దేశమంతా తెలుసు. దాని పక్కనే ఉన్న గ్రామీణ విద్యా కేంద్రం పేరు విద్యారంగంలో ఉన్నవాళ్లకే ఎక్కువ తెలుసు. 1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు మొదలుపెట్టినప్పుడు ముందున్న చిక్కు సిద్ధాంతానిది కాదు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. వానలు పడితే, కోతలొస్తే పిల్లలు వారాల తరబడి రారు. వచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది.

వాళ్లు వాచకాన్ని విప్పేసి కార్డులుగా మార్చారు. ఒక్కో మైలురాయికి పరిచయం, సాధన, పరీక్ష, వెనకబడితే మళ్లీ నేర్చుకోవడం, ముందున్నవాళ్లకు అదనపు పని, ఇలా వరసగా కార్డులు. గోడ మీద నిచ్చెన పటం, కార్డు మీద జంతువు బొమ్మ లాంటి గుర్తు. చదవడం రాని పిల్ల కూడా తన తర్వాతి పని తానే వెతుక్కుంటుంది. టీచరు దగ్గర కూర్చునే జట్టు, తోటివాళ్ల సాయంతో నేర్చుకునే జట్టు, సొంతంగా చేసుకునే జట్టు వేరువేరు. మానేసిన పిల్ల తిరిగొస్తే ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. ఊరి కథలు, పాటలు, మాటలు కార్డుల్లోకి ఎక్కాయి. అక్షరాలూ వర్ణమాల వరసలో రావు, మాటలతో ముడిపడి వస్తాయి. ఈ పద్ధతికి పెట్టెలో బడి అన్న పేరు ఈ కార్డుల పెట్టె వల్లే వచ్చింది. ఆండ్రూ బెల్ మెచ్చుకున్న తోటిపిల్లల బోధన రెండు వందల ఏళ్లకు ఇలా తిరిగి రావడం చరిత్ర ఆడిన చిన్న వేళాకోళం.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటె ఉపాధ్యాయులు ఇక్కడికొచ్చి చూసి వెళ్లి కర్ణాటకలో నలి-కలి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో ఇదే స్ఫూర్తితో కృత్యాధార అభ్యసనం తెచ్చింది. 2007 నాటికి అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికీ పాకింది. రావు దంపతులకు 2009లో ష్వాబ్ ఫౌండేషన్ పురస్కారం దక్కింది. పుట్టిన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఇది రాష్ట్రమంతటి పద్ధతిగా నిలబడలేదు.

విమర్శకులు ఊరుకోలేదు. టీచరు తన ఊరి పిల్లల కోసం తయారుచేసుకున్న కార్డుకూ, రాజధానిలో లక్షల కొద్దీ అచ్చయి వచ్చిన కార్డుకూ ఒకే ప్రాణం ఉండదు. మెట్టు మీద మెట్టు ఎక్కించే హడావిడిలో అందరూ కలిసి కథ వినే పూట కరిగిపోతుందన్నది మరో ఆక్షేపణ. శైలజా మేనన్ పరిశోధక బృందం 2011 నుంచి 2016 దాకా కర్ణాటకలోని యాద్గిర్, మహారాష్ట్రలోని వాడా ప్రాంతాల్లో ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలను వెంబడించి చూసింది. 2017లో వచ్చిన నివేదిక ఊరటనివ్వదు. మూడో తరగతికి వచ్చినా చాలామంది పిల్లలు పేరా చదవలేకపోయారు. అక్షరాలన్నీ వచ్చాకే కథలు, సొంత రాత అనే ధోరణి పిల్లలను ఏళ్ల తరబడి వాకిట్లోనే నిలబెట్టిందని ఆ బృందం తేల్చింది. యాద్గిర్ తరగతులు నలి-కలివే. అయితే దీన్ని నిచ్చెన ఓటమిగా చూపడం తొందరపాటు. అక్కడి పేదరికం, టీచర్ల కొరత, ఇంట్లో పుస్తకం ముఖమే ఎరగని బతుకు అన్నీ ఆ ఫలితంలో ఉన్నాయి. మెట్లు పద్ధతిగా కట్టినంత మాత్రాన చదువు రాదన్నంతవరకు మాత్రం ఒప్పుకోవాలి.

ఎప్పుడన్న తగాదా

వయసు మీద వాదన దీనికంటే వేడిగా నడుస్తుంది, ఆధారాలు మాత్రం తక్కువ. క్యాంప్‌బెల్ కాలంలో ఐదేళ్లు. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి లెక్కపెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. ఫిన్లండులో బడి చదువు ఏడో ఏట మొదలవుతుంది. న్యూజీలాండులో సెబాస్టియన్ సగ్గేట్ ఐదేళ్లకు మొదలుపెట్టినవారినీ ఏడేళ్లకు మొదలుపెట్టినవారినీ పోల్చితే, పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో తేడా మిగల్లేదు.

ఈ ఫలితాన్ని మదనపల్లె, పుంగనూరు తల్లిదండ్రుల ముందు పెట్టి ఎల్‌కేజీ మానిపించాలనుకోవడం అమాయకత్వం. ఏడేళ్ల దాకా ఆగిన ఆ పిల్లల ఇళ్లలో పుస్తకాలున్నాయి, చదివి వినిపించేవాళ్లున్నారు. టమాటా తోటల్లో కూలికి పోయే తల్లికి పిల్ల కాపీలో రాసిన ఏబీసీడీలే చదువు జరుగుతోందనడానికి చేతికందే రుజువు. ఆమె తప్పు పట్టదగ్గ మాట అనడం లేదు. తప్పు రాత విషయంలో ఉంది. మూడేళ్ల పిల్ల వేళ్లకు పెన్సిలు పట్టే బలం రాకముందే గీతల మధ్య రాయించడం వల్ల రాత ముందుకు రాదు, చేయి నొప్పి వస్తుంది. ఇసుక, పిండి, ముగ్గు, బంకమట్టి చేసే పనిని నాలుగు గీతల కాపీ చేయలేదు. ఈ ఒక్క విషయంలో మూడు పక్షాలూ ఏకమే.

అంగన్‌వాడీ రెండో కొస. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం పోషణను ముందు పెట్టింది, చదువును వెనక పెట్టింది. ఇప్పుడు అదే కార్యకర్త మీద పూర్వ ప్రాథమిక తరగతుల (పీపీ-1, పీపీ-2) పాఠాలు కూడా వచ్చి పడ్డాయి. బరువులు తూచి, గుడ్లు పంచి, ఫోన్‌లో లెక్కలు ఎక్కించాక మిగిలే వేళలో ఎంత కథ చెప్పగలదన్నది పాఠ్యప్రణాళిక కంటే పెద్ద ప్రశ్న.

ఏ నోటి భాష?

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్లలు అక్కడ మామూలే. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది కూడా ఆ ఊళ్లోనే. మదనపల్లె, పుంగనూరుల్లో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది. కుడి నుంచి ఎడమకు ఒక లిపి, ఎడమ నుంచి కుడికి రెండు లిపులు నేర్చుకోవలసిన పిల్లలు వాళ్లలో ఉన్నారు. అచ్చ తెలుగు ఇంటి పిల్లకైనా ఊళ్లో వినే చెనిక్కాయలకూ వాచకంలోని వేరుశనగలకూ మధ్య చిన్న కందకం ఉంటుంది. గిడుగు పూడ్చమన్న కందకం ఇంకా పూర్తిగా పూడలేదు.

2019 నవంబరులో 81వ నంబరు జీవోతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియంను తప్పనిసరి చేసింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషుగా జంట భాషల పుస్తకాలు వచ్చాయి. తల్లిభాష పక్షం చెప్పేది సరళం. చదవడమనే కిటుకు ఒక్కసారే నేర్చుకుంటారు, అది తెలిసిన భాషలో తేలిక. ఇంగ్లీషు పక్షం చెప్పేదీ సరళమే. సంపన్నుల పిల్లలు ఎల్‌కేజీ నుంచే ఇంగ్లీషులో చదువుతుంటే పేదలకు మాత్రం ఆగమని ఎందుకు చెబుతారు? మొదటిది నేర్చుకోవడం గురించిన వాదన, రెండోది న్యాయం గురించిన వాదన. ఒకదానితో మరొకదాన్ని కొట్టేయలేం.

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ తీసి పిల్లలకు ప్రైవేటు బడి వోచర్లు ఇచ్చి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ వేళ కేటాయించినా ఆ రెండింటిలోనూ పిల్లలు ప్రభుత్వ బడి పిల్లలతో సమానంగానే నిలిచారు, హిందీలో ముందున్నారు. ఈ ఫలితంలో ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకున్నారు. నిజానికి ఇది మీడియం మీద కంటే వేళను వాడుకునే తీరు మీద చెప్పేదే ఎక్కువ.

కొలత ఇంకా కుదరలేదు

2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. అసర్ లెక్కల ప్రకారం దేశంలోని పల్లె ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగల మూడో తరగతి పిల్లలు 2018లో 20.9 శాతం, కరోనా తర్వాత 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరుగుదల నిజమే. ఏ పద్ధతి వల్ల పెరిగిందో ఆ అంకెలు చెప్పవు.

కొలబద్ద దగ్గర తెలుగుకు ప్రత్యేకమైన పేచీ ఉంది. నిపుణ్ లెక్కలో రెండో తరగతి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలి. తెలుగులో చదువుకుంటున్నాడు అనేది ఒక్క మాట, హిందీలో అదే అర్థం మూడు మాటలవుతుంది. మాటలు లెక్కపెడితే తెలుగు పిల్ల ఎప్పుడూ నెమ్మదిగానే కనిపిస్తుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో చేసిన పునాది అభ్యసన అధ్యయనం భాషను బట్టి వేర్వేరు ప్రమాణాలు కట్టడం ఈ దిశలో సరైన అడుగు. ఒకటో తరగతికి ముందరి బాలవాటిక పిల్ల రెండు మూడు అక్షరాల సులువైన మాటలు చదవాలన్న లక్ష్యం మాత్రం అలాగే ఉంది. రెండక్షరాల తల, రెండక్షరాల అక్క ఆ లెక్కలో ఒకే బరువు తూగుతాయా, లేక వత్తును మూడో మెట్టుగా లెక్కపెట్టాలా అన్నది పరీక్ష కాగితం తయారుచేసేవాళ్ల ఇష్టానికే మిగిలిపోయింది. దాన్ని తేల్చకుండా ఏ పక్షం పిల్లలు ముందున్నారో తూచడం కుదరదు.